తొలిసారి పిల్లల ఫుటీ జట్టుకు కోచ్‌గా ఉండడం ఎలా

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామందికి ఇది ఇంచుమించు ఒకే తీరుగా మొదలవుతుంది. ఎనిమిదేళ్ల బిడ్డ బడిలో స్నేహితులతో ఆడి వచ్చి ఫుటీలో, అంటే కోలగా ఉండే బంతితో చేత్తోనూ కాలితోనూ ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో, చేరతానని పట్టుబడితే దగ్గరలోని క్లబ్‌లో పేరు రాయిస్తాం. సీజన్ దగ్గరపడేసరికి, ఈ జట్టుకు కోచ్ దొరకలేదని, తల్లిదండ్రుల్లో ఎవరైనా ముందుకు రాకపోతే జట్టును నడపడం కష్టమని సందేశం వస్తుంది. ఈ ఆటను మనం చిన్నప్పుడు ఆడలేదు, చాలామందిమి చూడనైనా లేదు కనుక చెయ్యి ఎత్తడానికి వెనకాడతాం. నేనూ అలా వెనకాడి, చివరికి ఒప్పుకుని, అండర్-9, అండర్-10 జట్లతో అయిదు సీజన్లు గడిపాను. ఈ వయసు పిల్లల దగ్గర కోచ్ పనితనాన్ని కొలవడానికి నాకు ఒకే కొలబద్ద మిగిలింది: ఆ గంటలో ఒక్కొక్క బిడ్డ చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చింది? కింద రాసినవన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ముందుగా కాగితాల పని

విక్టోరియా రాష్ట్రంలో పిల్లలతో పనిచేసే పెద్దలకు "వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్" అనే అనుమతి ఉంటుంది. స్వచ్ఛందంగా పనిచేసేవారికి దీనికి రుసుము లేదు, ఒకసారి వస్తే 5 ఏళ్లు చెల్లుతుంది. మీ బిడ్డ ఆడే జట్టే అయినా క్లబ్ దీన్ని అడుగుతుంది కాబట్టి ఒప్పుకున్న రోజే దరఖాస్తు చేయండి. ఆ తరువాత కోచ్‌ఏఎఫ్‌ఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ప్రారంభ స్థాయి కోర్సు పూర్తిచేయాలి. అందులోని వీడియోలను తొందరపడి దాటేయకండి, ఎందుకంటే ఆట తెలియని మనకు పిల్లలకు చెప్పే మాటలు తయారుగా దొరికే చోటు అదే.

పిల్లల పేర్లు ప్లేహెచ్‌క్యూ అనే వ్యవస్థలో నమోదై ఉంటాయి. ఆ జాబితా అందగానే టీమ్ మేనేజర్‌తో కూర్చుని, ఎవరికి ఉబ్బసం ఉంది, ఎవరికి ఏ తిండి పడదు, ఎవరి సంచిలో ఇన్‌హేలర్ లేదా ఎపిపెన్ (అలర్జీ తీవ్రమైతే పొడిచే మందు సూది) ఉంటుంది, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అనేవి ఒక కాగితం మీద రాసుకుని ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. మరో కట్టుబాటు కూడా మొదటి రోజు నుంచే పాటించాలి. ఏ బిడ్డతోనూ మీరు ఒంటరిగా ఉండకూడదు, అభ్యాసం ముగిశాక ఇంటివారు రాని బిడ్డ ఉంటే మరో పెద్ద మనిషిని మీతో పాటు ఉండమని అడగాలి.

ఆటను మీరు అర్థం చేసుకోవడం

క్రికెట్ తెలిసినవారికి ఈ ఆట మైదానం కొత్త కాదు, ఎందుకంటే ఫుటీ ఆడేది సాధారణంగా క్రికెట్ ఓవల్ మీదే. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్, చలికాలంలో క్రికెటర్ల శరీరాలు మొద్దుబారకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకోవాలని మెల్‌బోర్న్ పత్రికకు లేఖ రాశాడు. మరుసటి ఏడాది మే నెలలో మెల్‌బోర్న్ క్లబ్ వారు నియమాలను కాగితం మీద పెట్టారు. మీ పిల్లల్లో సగం మంది వేసవిలో క్రికెట్ ఆడేవారే అయితే ఈ కథ వారికి చెప్పండి, కొత్త ఆట కాస్త తమదనిపిస్తుంది.

మైదానం రెండు చివరల నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండు పొడవైన స్తంభాల మధ్య నుంచి తన్నిన బంతి ఎవరికీ తగలకుండా వెళ్తే గోల్, అంటే 6 పాయింట్లు. పొడవైన స్తంభానికీ పక్కనున్న పొట్టి స్తంభానికీ మధ్య నుంచి వెళ్తే బిహైండ్, అంటే 1 పాయింట్. గోల్ అంపైర్ గోల్‌కు రెండు జెండాలు, బిహైండ్‌కు ఒక జెండా ఊపుతాడు. బంతిని చేతిలోంచి మరొకరికి అందించాలంటే కాలితో తన్నాలి, లేదా ఒక అరచేతిలో పెట్టి రెండో చేతి పిడికిలితో కొట్టాలి, ఇలా కొట్టడాన్ని హ్యాండ్‌బాల్ అంటారు. విసరడం తప్పు. బంతితో పరుగెత్తేవారు 15 మీటర్లకు ఒకసారి దాన్ని నేలకు తాకించాలి లేదా బౌన్స్ చేయాలి. తన్నిన బంతి 15 మీటర్లైనా ప్రయాణించి మధ్యలో నేలను గానీ మరొకరిని గానీ తాకకుండా చేతికి చిక్కితే దాన్ని మార్క్ అంటారు, పట్టినవారికి ఎవరి అడ్డూ లేకుండా తన్నే అవకాశం దొరుకుతుంది. ఆఫ్‌సైడ్ అనే నియమం ఈ ఆటలో లేదు, అందుకే మొదటిసారి చూసేవారికి అంతా గందరగోళంగా కనిపిస్తుంది.

పెద్దల ఆటలో జట్టుకు 18 మంది మైదానంలో ఉంటారు. పిల్లల ఆట దానికి చిన్న నమూనా మాత్రమే అనుకోకండి, నియమాలు చాలా మారతాయి. మైదానం చిన్నది, ఆటగాళ్లు తక్కువ, బంతి చిన్నది. పూర్తి పరిమాణం 5వ సైజు కాగా చిన్నపిల్లలు 1, 2 సైజులతో మొదలుపెడతారు. మైదానాన్ని మూడు మండలాలుగా విభజించి, ఎవరి మండలంలో వారే ఉండేలా చేతికి రంగు పట్టీలు కట్టే పద్ధతి చిన్న విభాగాల్లో ఉంది. నేల మీది బంతిని కావాలని కాలితో తన్నడం, ఒకటికి మించి బౌన్సులు చేయడం, చేతిలోని బంతిని లాక్కోవడం వంటివి ఈ వయసులో సాధారణంగా నిషిద్ధం. మార్క్‌కు దూరం కూడా పట్టించుకోరు. ట్యాకిల్, అంటే బంతి ఉన్నవారిని చేతులతో పట్టి ఆపడం, ఏ వయసు నుంచి, ఏ మేరకు అనేది లీగ్ నియమాల పుస్తకంలో స్పష్టంగా ఉంటుంది. ఆ పుస్తకాన్ని అచ్చు వేయించి, మీ వయసు విభాగానికి చెందిన పేజీలను రెండుసార్లు చదవండి. పదేళ్ల లోపు విభాగాల్లో పాయింట్ల పట్టిక, ఫైనల్స్ సాధారణంగా ఉండవు, కాబట్టి గెలుపు కోసం బలమైన నలుగురినే నడిమిన ఉంచాల్సిన అవసరం మీకు ఎప్పుడూ రాదు.

తల్లిదండ్రులతో మొదటి మాట

మొదటి అభ్యాసం రోజే తల్లిదండ్రులను పది నిమిషాలు నిలబెట్టి మాట్లాడండి. మీకు చెప్పవలసినవి మూడే. ప్రతి బిడ్డా ప్రతి ఆటలో సమానంగా ఆడుతుంది, ప్రతి చోటా ఆడుతుంది. గీత బయటి నుంచి చప్పట్లు కొట్టవచ్చు గానీ "తన్ను, పరుగెత్తు, అటు పో" అని ఎవరూ ఆదేశాలు ఇవ్వకూడదు. అంపైర్‌ను ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు. ఈ చివరిదానికి కారణం కూడా చెప్పండి: పిల్లల ఆటల్లో ఈల పట్టుకుని నిలబడేది చాలాసార్లు పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలే, వారూ మీలాగే నేర్చుకుంటున్నారు.

ఆ వెంటనే పనులు పంచండి. టీమ్ మేనేజర్, ప్రథమ చికిత్స చూసే ట్రైనర్, గోల్ అంపైర్, సమయం చూసేవారు, నీళ్లు అందించేవారు, నారింజ ముక్కలు తెచ్చేవారు అందరూ తల్లిదండ్రుల్లోంచే రావాలి. కొత్తగా వలస వచ్చిన తల్లిదండ్రులు ఆట తెలియదని దూరంగా నిలబడతారు, వారికి గోల్ అంపైర్ జెండాలు ఇవ్వండి. ఒక్క నియమం నేర్చుకుంటే చాలు, వారం తిరిగేసరికి ఆటలో భాగమైపోతారు. తినుబండారాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇక్కడ విరామంలో పిల్లలకు పాము ఆకారపు జెల్లీ మిఠాయిలు పంచడం అలవాటు, వాటిలో సాధారణంగా జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. శాకాహార కుటుంబాలూ, ముస్లిం కుటుంబాలూ ఉన్న జట్టులో ముందే అడిగి తెలుసుకోండి. నారింజ ముక్కలతో ఎవరికీ పేచీ లేదు.

అభ్యాసపు గంట

సీజన్ ఏప్రిల్‌లో మొదలై ఆగస్టు దాకా సాగుతుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక సాయంత్రాలు ముడుచుకుపోతాయి, జూన్‌లో అయిదుంబావుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. దీపాల కింద, తడి గడ్డి మీద, చలిగాలిలో పిల్లలను కదలకుండా నిలబెట్టి ఉపన్యాసం ఇస్తే ఆ సాయంత్రం వ్యర్థమైనట్టే.

కాబట్టి క్లబ్ సామాన్ల గదికి వెళ్లి ఇద్దరికి ఒకటి చొప్పున బంతులు అడగండి, కుదిరితే తలా ఒకటి తెచ్చుకోండి. దీనికి కారణం చిన్న లెక్కలోనే కనిపిస్తుంది. పదహారు మంది పిల్లలు వరుసగా నిలబడి ఒకే బంతిని వంతులవారీగా తన్నితే, ఒక్కో వంతుకు పదిహేను సెకన్లు పట్టిందనుకున్నా పది నిమిషాల్లో నలభై కిక్కులే అవుతాయి, అంటే తలకు రెండో మూడో. అదే పదహారు మందిని ఎనిమిది జంటలుగా విడదీసి ఎదురెదురుగా నిలబెట్టి జంటకో బంతి ఇస్తే, పది సెకన్లకో కిక్కు చొప్పున ఒక్కొక్కరూ ముప్పై సార్లు తన్నుతారు. మొదటి సీజన్‌లో నేను చాలా వారాలు వరుసలే కట్టించాను. వరుసలో వెనుకనున్న పిల్లలు గడ్డి పీకుతూ, ఒకరినొకరు తోసుకుంటూ ఉంటే వారికి శ్రద్ధ లేదని అనుకున్నాను. వరుసలు తీసేశాక ఆ పిల్లలే చెమటలు కక్కుతూ ఆడారు.

గంటను ఇలా పంచుకోండి. పిల్లలు రాగానే బంతి ఇచ్చి జంటలుగా వదిలేయండి, అందరూ వచ్చేదాకా ఎవరినీ ఆపకండి. తరువాత మైదానం చుట్టూ పరుగులు తీయించకుండా పట్టుకునే ఆటతో ఒళ్లు వేడెక్కించండి. నిక్కరు వెనుక ఒక రంగు గుడ్డ తోకలా దోపుకుని ఒకరి తోక ఒకరు లాగే ఆట అయితే, తప్పించుకోవడం, దిశ మార్చడం, తల ఎత్తి చూడడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఖోఖో ఆడిన మీకు ఆ ఒడుపు విలువ తెలిసే ఉంటుంది. ఆపై పది పదిహేను నిమిషాల చొప్పున రెండు నైపుణ్యాలు తీసుకోండి, అంతకు మించి వద్దు. చివరి ఇరవై నిమిషాలు నలుగురికి నలుగురు చొప్పున రెండు మూడు చిన్న మైదానాల్లో ఆట ఆడించండి. చిన్న ఆటలో దాక్కునే చోటు ఉండదు, అందరికీ బంతి వస్తుంది. ఒక నైపుణ్యం గురించి మీరు మాట్లాడే సమయం అర నిమిషం దాటకూడదు. మాట కన్నా ముందు చేసి చూపించండి, మీకు సరిగా రాకపోతే బాగా చేసే బిడ్డతో చేయించి చూపించండి.

కిక్కు: అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే

పిల్లలకు నేర్పవలసిన కిక్కు డ్రాప్ పంట్. బంతి నిలువుగా కింద పడి, పాదానికి తగిలి, వెనక్కి తిరుగుతూ వెళ్లే తన్ను ఇది. అలా తిరిగే బంతి గాలిలో ఊగకుండా తిన్నగా వెళ్తుంది, పట్టుకునేవారికి తేలికగా ఉంటుంది.

కుడికాలి బిడ్డకు నేర్పేటప్పుడు నేను అనుసరించే క్రమం ఇది. బంతిని నిలువుగా, కుట్లు ముందుకు ఉండేలా, రెండు పక్కలా వేళ్లు విప్పి పట్టుకోవాలి. బంతి కుడి తొడకు ఎదురుగా ఉండాలి, కడుపుకు ఎదురుగా కాదు. రెండు మూడు అడుగులు ముందుకు వేసి, ఎడమ చేతిని ముందు వదిలి, కుడి చేతితో బంతిని కిందికి దింపాలి. కాలి వేళ్లు ముందుకు చాచి పాదాన్ని బిగించి, బూటు లేసులు కట్టిన గట్టి భాగంతో బంతి కింది కొనను తన్నాలి. తన్నాక కాలు లక్ష్యం వైపే సాగాలి.

ఇన్ని మాటలు ఒకేసారి చెబితే ఏ బిడ్డకూ ఒక్కటీ నిలవదు. తప్పు ఎక్కడుందో చూసి ఒక్కటే చెప్పాలి. నా జట్టులో తొమ్మిదేళ్ల పాప ఒకతె రెండు నెలల పాటు ప్రతి కిక్కునూ ఎడమ పక్కకే తన్నేది. కాలు సరిచేయాలని నేను పదే పదే పాదం గురించి చెప్పాను. ఒక మంగళవారం ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాలిని వదిలేసి చేతులనే చూశాను. రెండు చేతులూ ఒకేసారి వదులుతోంది, అదీ ఛాతీ ఎత్తు నుంచి. పాదం చేరేలోగా బంతి గాలిలో పక్కకు ఒరిగిపోతోంది. "కుడి చేత్తో బంతిని కాలి దాకా తీసుకెళ్లి అప్పగించు" అని మాత్రమే అన్నాను. నాలుగో తన్నుకు బంతి నిలువుగా దిగింది, వెనక్కి తిరుగుతూ తిన్నగా తన జంట చేతుల్లోకి వెళ్లింది. ఆమె తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఆ రోజు నుంచి ఎవరి కిక్కు దారి తప్పినా నేను ముందు చూసేది చేతినే, పది తప్పుల్లో ఎనిమిది అక్కడే దొరుకుతాయని నా నమ్మకం.

దూరం మొదట పది మీటర్లు చాలు. దూరం పెంచాలని పిల్లలు ఉబలాటపడతారు, పెంచగానే ఒంటి బలమంతా పెట్టి పద్ధతి మరిచిపోతారు. జంటలో ఇద్దరూ వరుసగా అయిదు బంతులు నేల తాకకుండా పడితే ఒక్క అడుగు వెనక్కి జరగమనండి. అప్పుడు దూరం వాళ్లే సంపాదించుకుంటారు.

హ్యాండ్‌బాల్, మార్క్, నేల బంతి

హ్యాండ్‌బాల్‌లో బంతి ఎడమ అరచేతిలో కదలకుండా కూర్చోవాలి, కుడి పిడికిలి బొటనవేలు బయటికి ఉండేలా బిగించాలి, ఎడమ కాలు ముందుకు వేసి కొట్టాలి. బొటనవేలిని పిడికిలి లోపల దాచుకునే పిల్లలను వెంటనే ఆపండి, వేలు దెబ్బతింటుంది. కొట్టాక పిడికిలి ఎడమ చేతిలోకి వచ్చి ఆగాలి. "పిడికిలిని పట్టుకో" అంటే వారికి ఇట్టే అర్థమవుతుంది.

మార్క్ దగ్గర మన క్రికెట్ పిల్లలకు ఒక అలవాటు అడ్డం వస్తుంది. క్రికెట్ క్యాచ్‌లో బంతి వచ్చేదాకా ఆగి, చేతులను వెనక్కి తీసుకుంటూ మెత్తగా అందుకుంటారు. ఇక్కడ ఆగితే పక్కవాడు ముందే తాకేస్తాడు కాబట్టి బంతికి ఎదురు వెళ్లి, తల కన్నా ముందుకు చేతులు చాచి, వేళ్లు విప్పి, రెండు బొటనవేళ్లూ బంతి వెనుక దగ్గరగా ఉంచి పట్టుకోవాలి. భయపడే పిల్లలకు మొదట ఛాతీ మీద పట్టడం నేర్పండి, ముంజేతులు పక్కపక్కన ఉంచి బంతిని గుండెకు హత్తుకోవడమే.

నేల మీది బంతిని తీసుకునేటప్పుడు నడుము మాత్రమే వంచకుండా మోకాళ్లు కూడా వంచాలి, చిటికెన వేళ్లు దగ్గరగా చేర్చి బంతి కిందికి చేతులు దింపాలి. ముఖ్యమైనది శరీరపు దిశ. ఎదురుగా మరొకరు వస్తున్నప్పుడు తల ముందుపెట్టి వంగకూడదు, కాస్త పక్కకు తిరిగి భుజాన్ని ముందుంచి వంగాలి. మెడకు దెబ్బ తగలకుండా కాపాడేది ఈ అలవాటే కనుక, ఇది తప్పితే ఆట ఆపి మరీ సరిచేయండి.

ట్యాకిల్

మీ వయసు విభాగంలో ట్యాకిల్ ఉంటే దాన్ని మోకాళ్ల మీద నిలబెట్టి మొదలుపెట్టాలి. ఇద్దరూ మెత్తని గడ్డి మీద మోకాళ్ల మీద ఉండి, ఒకరు బంతి పట్టుకోగా రెండోవారు తలను ఎదుటివారి శరీరానికి పక్కగా, ఎప్పుడూ ముందుకు కాకుండా ఉంచి, చేతులను నడుము చుట్టూ వేసి దగ్గరికి లాక్కోవాలి. తరువాత నడకలో, ఆ తరువాతే పరుగులో. పట్టు భుజాలకు కింద, మోకాళ్లకు పైన ఉండాలి. మెడ పట్టినా, వీపు మీద తోసినా, కాళ్లు పట్టినా ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ ఇస్తారు.

కబడ్డీ ఆడిన నాన్నలకూ బాబాయిలకూ ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మడమ పట్టు, కాలి పట్టు మనకు గొప్ప విద్యలే, ఇంట్లో పిల్లలకు ముచ్చటగా నేర్పేస్తాం కూడా. ఈ ఆటలో అవి రెండూ తప్పు, పైగా పరుగులో ఉన్న బిడ్డకు ప్రమాదం. కబడ్డీ నుంచి తీసుకోదగినది మరొకటి ఉంది: ఎదుటివారి కళ్లను వదిలి నడుమును గమనించడం. తప్పించుకునేవాడు కళ్లతో మోసం చేయగలడు గానీ నడుముతో చేయలేడు.

జట్టు అమరిక

ఆట మొదలైన క్షణం నుంచి బెల్లం ముక్క చుట్టూ చీమల్లా అందరూ బంతి చుట్టూ చేరతారు. ఈ వయసులో అది సహజం, దాని మీద అరిచి ప్రయోజనం లేదు. మండలాల నియమం ఉంటే అదే కొంత కాపాడుతుంది. మిగిలినదానికి ఒక్క ప్రశ్న అలవాటు చేయండి: "బంతి మనవాళ్ల చేతిలో ఉంటే నువ్వు ఎక్కడ నిలబడితే నీకు అందించగలరు?"

సమాన అవకాశానికి కాగితం మీద లెక్క వేసుకోండి. ఉదాహరణకు మైదానంలో 12 మంది, జట్టులో 16 మంది అనుకుందాం. నలుగురేసి చొప్పున నాలుగు గుంపులు చేయండి. ఆటలోని నాలుగు భాగాలను క్వార్టర్లు అంటారు. మొదటి క్వార్టర్‌లో ఒక గుంపు ముందు మండలం, ఒకటి నడుమ, ఒకటి వెనుక, ఒకటి బెంచి మీద. ప్రతి క్వార్టర్‌కూ ఒక్కో గుంపు ఒక్కో స్థానం జరిగితే నాలుగు క్వార్టర్లు ముగిసేసరికి ప్రతి బిడ్డా మూడు మండలాల్లోనూ ఒక్కోసారి ఆడి, సరిగ్గా ఒక్క క్వార్టర్ కూర్చుంటుంది. గుంపుల్లో బలం సమానంగా ఉండేలా, గట్టిగా ఆడేవారినీ బెరుకుగా ఉండేవారినీ కలిపి వేయండి. ఒకరు రాకపోతే వారి చోట ఎవరు అదనంగా ఆడారో రాసిపెట్టి, వచ్చే వారం ఆ అవకాశం మరొకరికి ఇవ్వండి.

ఈ కాగితం విలువ నాకు తెలిసిన తీరు చెబుతాను. మొదటి సీజన్‌లో అమరికను మనసులోనే పెట్టుకుని నడిపేవాణ్ని. ఒక చలి ఉదయం ఆట ఉత్కంఠగా సాగుతుండగా ఒక బాబును రెండు క్వార్టర్ల పాటు బెంచి మీదే మరిచిపోయాను. అతను అడగలేదు. మూడో విరామంలో నేను చూసేసరికి జంపర్ (జట్టు చొక్కా) చేతులను వేళ్ల మీదకు లాక్కుని, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్ల అమ్మ కూడా గీత అవతల నుంచి నన్ను ఒక్క మాట అనలేదు. వెంటనే అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని క్షమించమని అడిగాను, చివరి క్వార్టర్ మొత్తం నడిమిన ఆడించాను. అడగని బిడ్డలే బెంచి మీద మిగిలిపోతారు, వారి తరఫున అడిగేది ఆ కాగితమే.

ఆట రోజు

అరగంట ముందు రమ్మనండి. బూట్ల అడుగున లోహపు మేకులు లేవని, అందరి దగ్గరా మౌత్‌గార్డ్ ఉందని, ఉంగరాలు, దుద్దులు, చేతి కడియాలు, మొలతాళ్ల వంటివి తీసేశారని చూడండి. మతపరమైన తాడు ఉంటే తీయమని బలవంతపెట్టకండి, ముందురోజే ఇంటివారితో మాట్లాడి దాన్ని టేపుతో కప్పే ఏర్పాటు చేయండి, అంపైర్‌కు కూడా చెప్పండి.

ఆటకు ముందు పిల్లలకు ఒకే లక్ష్యం ఇవ్వండి, అది పాయింట్లకు సంబంధించినది కాకూడదు. "ఈ రోజు ప్రతి ఒక్కరూ ఒక్క హ్యాండ్‌బాల్ అయినా మనవాడికి అందించాలి" అన్నది మంచి లక్ష్యం. విరామాల్లో నీళ్లు తాగాకే మాట్లాడండి, రెండు వాక్యాల్లో ముగించండి. ఆట ముగిశాక ఎదుటి జట్టుతో, అంపైర్లతో చేతులు కలిపించండి. ఆ తరువాత పిల్లలంతా భుజాల మీద చేతులు వేసుకుని గుండ్రంగా నిలబడి క్లబ్ పాట పాడతారు. గెలిస్తేనే పాడడం పెద్దల ఆనవాయితీ. చిన్నపిల్లల జట్టులో గెలుపోటములు చూడకుండా పాడించడమే నాకు నచ్చింది.

దెబ్బలు, వాతావరణం

తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, బిడ్డను మైదానం నుంచి తీసేయాలి, ఆ రోజు మళ్లీ పంపకూడదు. "నేను బాగానే ఉన్నాను" అని బిడ్డ అన్నా, "ఏం కాలేదు, ఆడనివ్వండి" అని తండ్రి అన్నా మీరు ఒప్పుకోకండి. డాక్టర్‌కు చూపించమని ఇంటివారికి చెప్పండి, సందేశం రూపంలో రాసి కూడా పంపండి. కన్‌కషన్ (దెబ్బకు మెదడు అదరడం) అని తేలితే, 2024లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లక్షణాలన్నీ పోయి 14 రోజులు గడిచాకే ఒంటికి ఒళ్లు తగిలే అభ్యాసం చేయాలి, దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజుల దాకా పోటీ ఆట ఆడకూడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల లోపే తేడా ఉంటే ఆట ఆపి అందరినీ లోపలికి తీసుకెళ్లాలి, చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి.

మీ సొంత బిడ్డ, మీ భాష

మీ బిడ్డ ఆ జట్టులోనే ఉంటుంది కాబట్టి ముందే ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి. మైదానంలో మీరు అందరికీ కోచ్, కారెక్కాక మళ్లీ నాన్న లేదా అమ్మ. కారులో ఆట గురించి మీరు ఎత్తకండి, బిడ్డ ఎత్తితే వినండి. మంచివాడిననిపించుకోవాలని సొంత బిడ్డను ఎక్కువసేపు బెంచి మీద కూర్చోబెట్టే కోచ్‌లున్నారు, అదీ అన్యాయమే. కాగితం మీది లెక్క మీ బిడ్డకూ అంతే వర్తిస్తుంది.

జట్టులో నలుగురైదుగురు తెలుగు పిల్లలున్నా మైదానంలో అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులోనే చెప్పండి, లేకపోతే మిగతావారు తమను పక్కనపెట్టారనుకుంటారు. అయితే ఇండియా నుంచి కొత్తగా వచ్చి, బడిలో ఇంకా నోరు విప్పని బిడ్డ ఉంటే, పక్కకు తీసుకెళ్లి "ఏం భయం లేదు నాన్నా, బంతి జారిపోయినా నేనేం అనను, మళ్లీ పట్టుకుందాం" అని తెలుగులో ఒక్క మాట చెప్పండి. ఆ మాట విన్నాక భుజాలు దిగి, కాళ్లు కదలడం నేను కళ్లారా చూశాను.

సీజన్ చివరి వారం

చివరి అభ్యాసంలో తల్లిదండ్రులను కూడా మైదానంలోకి దింపి పిల్లలతో ఆడించండి. ఆ రాత్రి కూర్చుని ఒక్కో బిడ్డ గురించి రెండు మూడు వాక్యాలు రాయండి: ఏ కాలితో తన్నుతుంది, ఏ మాట చెబితే అందుకుంటుంది, దేనికి బెదురుతుంది, ఏ చోట ఆడినప్పుడు వెలుగుతుంది. వచ్చే ఏడు మీరే కోచ్ అయినా, మరొకరు వచ్చినా ఇది పనికొస్తుంది. బంతులు లెక్కపెట్టి, బురద తుడిచి, కోన్లూ రంగు గుడ్డలూ సర్ది, గాలి పంపునూ దాని సూదినీ మరవకుండా పెట్టి, పిల్లల గురించి రాసిన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి సంచి పైజేబులో ఉంచి, సంచిని క్లబ్‌కు అప్పగించండి.